చెయ్యి అందించడం కూడా నేర్పాలి: బురద పరుగుకు ఒక ఆఫీసు బృందాన్ని సిద్ధం చేసిన కేస్ స్టడీ

బురదలో అడ్డంకులు దాటుతూ బృందంగా పరిగెత్తే పోటీలకు వెళ్ళొచ్చినవాళ్ళు చలికాలంలో నా ఫిజియోథెరపీ క్లినిక్‌కి వస్తుంటారు. మోకాలు, చీలమండ, భుజం, నడుం. దెబ్బ ఎలా తగిలిందని అడిగితే ఒక రకం కథ మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. గోడ మీదున్న స్నేహితుడు చెయ్యి పట్టి పైకి లాగాడు, భుజం కలుక్కుమంది. కింద నిలబడి ఇద్దర్ని ఎత్తాను, మూడో మనిషిని ఎత్తేటప్పుడు నడుం పట్టేసింది. సాయం చేస్తున్నప్పుడో, అందుకుంటున్నప్పుడో తగిలిన దెబ్బలివి. ఈ పోటీలకు సిద్ధమయ్యేవాళ్ళు పరుగు సాధన చేస్తారు, పుల్‌అప్స్ తీస్తారు. ఇంకో మనిషి బరువును ఎలా మోయాలో, ఎవరైనా పైనుంచి లాగితే తమ చేతిని ఎలా ఉంచుకోవాలో మాత్రం దాదాపు ఎవరూ సాధన చేయరు. ఆ సాధన పనిగట్టుకుని చేయించిన బృందం కథ ఇది.

గచ్చిబౌలి వైపు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కలిసి పనిచేసే ఎనిమిది మంది. అందరూ అనుమతి ఇచ్చాకే రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు, వాళ్ళను గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఈ పరుగు సంగతి

1987లో ఇంగ్లండ్‌లో వుల్వర్‌హాంప్టన్ దగ్గరి ఒక పొలంలో టఫ్ గై అనే పోటీ మొదలైంది. చలికాలపు బురద, చల్లటి నీళ్ళు, తాళ్ళు, గోడలు. 2010లో అమెరికాలో టఫ్ మడ్డర్, స్పార్టన్ రేస్ వచ్చాక ఈ ఆట ప్రపంచమంతా పాకింది. మన దేశంలో 2012లో డెవిల్స్ సర్క్యూట్ మొదలైంది, హైదరాబాద్‌లోనూ జరుగుతుంటుంది. ఇప్పుడు ఇతర నిర్వాహకుల చిన్న పోటీలు కూడా నగరాల శివార్లలో జరుగుతున్నాయి. టఫ్ మడ్డర్‌లో మొదటినుంచీ ఒక ప్రతిజ్ఞ ఉంది: ఇది పందెం కాదు, నా టైమింగ్ కన్నా తోటివాళ్ళే ముందు, పక్కవాళ్ళు కోర్సు పూర్తిచేయడానికి సాయపడతాను అని. నాకు ఆ మాట చాలా ఇష్టం. ఆఫీసు బృందాలు ఈ పరుగులకు ఎగబడడానికి కారణమూ అదే. అయితే సాయం చేయమని చెప్పి, ఎలా చేయాలో నేర్పకుండా వదిలేస్తే ఆ ప్రతిజ్ఞ సగమే నిలబడుతుంది.

వైద్య పత్రికల్లో వచ్చిన రెండు విషయాలను ఈ బృందానికి మొదటి రోజే చెప్పాను. 2013లో పెన్సిల్వేనియాలో ఒకే వారాంతంలో జరిగిన ఇలాంటి పోటీనుంచి 38 మంది ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగానికి వచ్చారు. కరెంటు తీగల అడ్డంకి దాటబోయి గాయపడినవాళ్ళు కూడా అందులో ఉన్నారు. 2012లో నెవాడాలో పశువులు తిరిగే నేలమీద జరిగిన పరుగు తర్వాత 22 మందికి కాంపైలోబాక్టర్ అనే బాక్టీరియా వల్ల విరేచనాలు పట్టుకున్నాయి. బురదనీళ్ళు పొరపాటున మింగినవాళ్ళకే ఆ జబ్బు ఎక్కువగా వచ్చినట్టు విచారణలో తేలింది. మూడోది వార్తల్లో వచ్చిన విషాదం. 2013లో వెస్ట్ వర్జీనియాలో ఎత్తు మీదనుంచి నీళ్ళలోకి దూకే అడ్డంకి దగ్గర 28 ఏళ్ళ యువకుడు మునిగి, ఆ మర్నాడు చనిపోయాడు. అతనూ తోటి ఉద్యోగులు, స్నేహితులతో కలిసి వచ్చినవాడే. ఇవి చెప్పింది భయపెట్టడానికి కాదు. ఎక్కడ తప్పుకోవాలో ముందుగా నిర్ణయించుకునే హక్కు తమకుందని వాళ్ళకు అర్థం కావాలని.

మొదటి పరీక్షలో కనిపించింది

ఎనిమిది మందిలో నలుగురికి పెద్దగా సమస్యల్లేవు. రోజంతా కూర్చునే ఉద్యోగం వల్ల తొడ వెనక కండరాలు బిగుసుకుపోయాయి, పట్టు బలహీనంగా ఉంది, అంతే. ఇనుప కడ్డీ పట్టుకుని వేలాడమంటే సగంమంది పది సెకన్లకే వదిలేశారు. మిగిలిన నలుగురి గురించి వివరంగా చెప్పాలి.

మేనేజర్‌కి 46 ఏళ్ళు. ఎనిమిదేళ్ళుగా షుగర్, బీపీ. మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ వాడుతున్నారు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ పడిపోయే భయం చాలా తక్కువ. గ్లిమెపిరైడ్ అలా కాదు, శరీరం ఇన్సులిన్ ఎక్కువగా విడుదల చేసేలా చేస్తుంది కాబట్టి పెద్ద వ్యాయామం రోజున షుగర్ బాగా కిందికి దిగవచ్చు.

టెస్టింగ్ చేసే కుర్రాడికి 27 ఏళ్ళు. క్రికెట్‌లో డైవ్ చేసి ఒకసారి, నిద్రలో చెయ్యి తలమీదుగా పెట్టుకుని ఇంకోసారి కుడి భుజం జారింది. చేతిని పక్కకు ఎత్తించి, అరచేయి వెనక్కి తిప్పబోతే ముఖంలో భయం కనిపించింది, చేతిని బిగించేశాడు. భుజం ముందువైపుకి జారే గుణం ఉన్నవాళ్ళలో కనిపించే లక్షణమిది. గోడమీద మనిషి చెయ్యి పట్టి లాగినప్పుడు భుజం వెళ్ళేది సరిగ్గా ఈ స్థితిలోకే.

ఒక డెవలపర్‌కి 34 ఏళ్ళు. రెండో కాన్పు తర్వాత మోకాటి చిప్ప చుట్టూ నొప్పి. మెట్లు దిగేటప్పుడు ఎక్కువ. చిన్న బల్లమీదనుంచి ఒంటికాలితో దిగమంటే మోకాలు లోపలికి వాలిపోతోంది.

నాలుగో అతనికి 29 ఏళ్ళు, జిమ్‌కి వెళ్తాడు, బృందంలో అందరికన్నా బలవంతుడు. అతనికి ఏ నొప్పీ లేదు. నేను ఎక్కువగా ఆలోచించింది మాత్రం అతని గురించే. బెంచ్ ప్రెస్‌లో మంచి బరువు ఎత్తుతాడు. నేలమీదున్న ఇసుకమూటను పక్కకు తిప్పి పెట్టమంటే మాత్రం నడుం వంచి, మెలితిప్పి లేపాడు. "అందర్నీ నేను ఎత్తేస్తా మేడమ్, టెన్షన్ పడకండి" అన్నాడు. ఆ మాటలో మంచి మనసుంది. ఒక్కడిమీదే మిగతా ఏడుగురి బరువు పడబోతోందన్న సూచన కూడా అందులోనే ఉంది.

ఎవరు దేన్ని దాటకూడదు

సాధన మొదలుపెట్టకముందే తప్పుకునే జాబితా తయారుచేశాం. ఆఫీసు బృందాల్లో ఇది సున్నితమైన విషయం. మేనేజర్ ముందు జూనియర్ "నాకు భయం" అనలేడు. జూనియర్ల ముందు మేనేజర్ "నా వల్ల కాదు" అనలేరు. ఇద్దరూ నోరు మూసుకుని దూకేస్తారు. అందుకని ఒక్కొక్కరితో విడిగా కూర్చుని మాట్లాడాను. ఏ అడ్డంకి వద్దో రాసుకున్నాను. కారణాలు చెప్పకుండా జాబితా మాత్రం అందరికీ నేనే చదివి వినిపించాను. ఫిజియో వద్దంది అంటే వాదించేవాళ్ళుండరు. అలా ఆ భారం నామీదకు రావడమే నాకు కావాల్సింది.

ఐసు గడ్డలు వేసిన నీళ్ళ తొట్టి మేనేజర్‌కి వద్దు. చన్నీళ్ళలో ఒక్కసారిగా మునిగితే ఊపిరి తనంతట తానే లోపలికి లాగేస్తుంది, గుండె వేగం, బీపీ ఎగబాకుతాయి. ఆ మొదటి నిమిషమే ప్రమాదం. ఈత రాని ఇంకొకతనికి కూడా తొట్టి, లోతు నీళ్ళు వద్దు. భుజం జారే కుర్రాడికి వేలాడుతూ దాటే కడ్డీలు, రింగులు వద్దు. మోకాలి నొప్పి ఉన్నామె అన్నీ దాటవచ్చు, గోడమీదనుంచి దూకడం మాత్రం నిషేధం. చేతులతో వేలాడి, కాళ్ళు నేలకు దగ్గరయ్యాక వదలాలి.

కుర్రాణ్ణి అసలు పరుగుకే వద్దనవచ్చు కదా అని ఒక తోటి ఫిజియో అడిగారు. ఆ వాదనలో బలం ఉంది. ఈ వయసులో జారిన భుజం మళ్ళీ జారే అవకాశం ఎక్కువ. అయితే అతను అప్పటికే డబ్బు కట్టేశాడు, నేను వద్దంటే నాకు చెప్పకుండా వెళ్ళేవాడు. ఎముకల డాక్టర్ దగ్గరికి పంపాను. ఆయన చూసి, కుడిచేయి తలపైకి వెళ్ళే ఏ పనీ చేయకూడదన్న షరతు మీద ఒప్పుకున్నారు. ఎలాగూ పరిగెత్తే మనిషిని షరతులతో, పక్కన కాపలాతో పంపడం మేలనే నా అభిప్రాయం. మేనేజర్ విషయంలోనూ ఆయన చూపించుకునే డాక్టరే పోటీ రోజు మాత్రల సంగతి నిర్ణయించారు. ఆ ఉదయం గ్లిమెపిరైడ్ ఆపమన్నారు. మందుల మోతాదు మార్చడం ఫిజియోథెరపిస్టు పని కాదు, కోచ్ పని అసలే కాదు.

ఎత్తడం, లాగడం, వద్దనడం

సాధన రెండు నెలలకు పైగా సాగింది. పరుగు, పట్టు, పిరుదుల కండరాల బలం, మెట్లు దిగే సాధన లాంటివి ఎక్కడైనా దొరికే సంగతులే. వాటిని ఇక్కడ విస్తరించను. మోకాలి నొప్పి ఉన్నామెకు ఒంటికాలి సాధనలతో మొదటి నెలలోనే తేడా కనిపించింది, మెట్లు దిగేటప్పుడు నొప్పి బాగా తగ్గింది. వారానికి ఒకరోజు మాత్రం అందరం కలిసి ఎనిమిదడుగుల గోడ దగ్గర గడిపాం. ఈ కేసులో చెప్పుకోవాల్సింది ఆ రోజుల గురించే.

కింద ఆధారంగా నిలబడే మనిషి వీపును గోడకు ఆనించి, మోకాళ్ళు కొంచెం వంచి నిలబడాలి. వేళ్ళు ఒకదాంట్లో ఒకటి కలిపి చేతులు తొడల మధ్య ఉంచాలి. అప్పుడు పైకెక్కేవాడి బరువు చేతులమీద కాక తొడలమీద పడుతుంది. తొడమీద అడుగు పెట్టాల్సి వస్తే తుంటికి దగ్గరగా పెట్టాలి, మోకాలి వైపు పెట్టకూడదు. ఎత్తడం నడుంతో కాదు, కాళ్ళు నిటారు చేయడంతో. జిమ్ కుర్రాడికి ఇది అలవాటు కావడానికి అందరికన్నా ఎక్కువ సమయం పట్టింది. చేతుల బలం ఉన్నవాళ్ళు చేతులతోనే పని కానిచ్చేస్తారు.

మొదటి రోజే ఒక ఇబ్బంది వచ్చింది. బృందంలో ముగ్గురు ఆడవాళ్ళు. తోటి మగ ఉద్యోగులు తమను ఎక్కడ పట్టుకుని ఎత్తుతారోనన్న సంకోచం వాళ్ళకుంది. మగవాళ్ళకూ ఉంది. ఎవరూ పైకి అనలేదు. ఎత్తేటప్పుడు సగం బలమే పెట్టి మధ్యలో ఆగిపోతున్నారు, అది ఇంకా ప్రమాదం. దాన్ని నేనే ఎత్తి మాట్లాడాను. పాదం, మడమ, మోచేయి, మణికట్టు, ఈ నాలుగు చోట్ల తప్ప ఇంకెక్కడా పట్టుకోనక్కర్లేదని నియమం పెట్టుకున్నాం. శరీర శాస్త్రం ప్రకారం చూసినా అదే మంచిది. తుంటి దగ్గర నెడితే మనిషి గోడకేసి వాలిపోతాడు. బూటు అడుగున అరచేయి పెట్టి పైకి తోస్తే తన కాలితోనే లేస్తాడు. ఈ నియమం పెట్టాక వాళ్ళ కదలికే మారిపోయింది. ఆడా మగా కలిసిన ఏ బృందానికైనా మొదటి పావుగంట ఈ మాటలకే కేటాయించమని గట్టిగా చెబుతాను.

గోడమీద ఉండేవాళ్ళు ఒక కాలు అటు, ఒక కాలు ఇటు వేసి స్థిరంగా కూర్చున్నాకే చెయ్యి చాపాలి. పట్టు వేళ్ళతో కాదు. ఒకరి మణికట్టు ఒకరు పట్టుకోవాలి. బురద చేతులు జారినా, రెండు పట్లలో ఒకటి నిలుస్తుంది. కిందివాళ్ళు మోచేయి వంచి, భుజం చెవికి దూరంగా కిందికి దింపి ఉంచాలి. చాపిన చేతిని కుదుపుతో లాగకూడదు. పైవాడు బరువు మోసే స్తంభంలా ఉంటే చాలు, కిందివాళ్ళు కాళ్ళతో గోడను తొక్కుకుంటూ ఎక్కుతారు. "ఒకటి, రెండు, లే" అన్నాకే కదలాలి. ఎవరికి ఏ నొప్పి తోచినా "స్టాప్" అనాలి. ముందు "ఆగు" అనుకున్నాం గానీ, కొత్తగా చేరిన అమ్మాయి మేనేజర్‌ని అలా అనలేక నోరు నొక్కుకుంటోంది. అందుకే "స్టాప్" చేశాం.

భుజం జారే కుర్రాడికి విడిగా ఒక సాధన. ఎవరు ఎటునుంచి కుడిచేయి పట్టుకున్నా వెంటనే మోచేయి వంచి డొక్కకు హత్తుకుని "స్టాప్" అని అరవాలి. ఎడమచేయి మాత్రమే ఇవ్వాలి. అతనికి తెలియకుండా, మాటల మధ్యలో, మిగతావాళ్ళు వెనకనుంచి మెల్లగా కుడి మణికట్టు పట్టుకునేవాళ్ళు. ఆలోచించే అవసరం లేకుండా ఆ ప్రతిస్పందన రావాలి. కొన్ని వారాలకు వచ్చేసింది.

ఆధారంగా నిలబడేవాళ్ళు ముగ్గుర్ని ఎత్తాక మారాలన్నది ఇంకో నియమం. మోకాలి నొప్పి ఉన్నామెను, మేనేజర్‌ని మినహాయించి అందరికీ ఆ పని వచ్చి ఉండాలి. తేలికపాటి అమ్మాయి బరువైన మనిషిని ఎత్తలేదనుకున్నారు. వీపు గోడకు ఆని, ఎముకల మీదుగా బరువు నేలకు దిగితే ఎత్తగలదని చేసి చూశాక నమ్మారు.

బురద దగ్గర గురువు మారింది

శంకర్‌పల్లి వైపు తెలిసిన రైతును అడిగి, నాట్లకు ముందు దమ్ము చేసిన మడిలో ఒకరోజు నడవడానికి ఒప్పించాను. ఆఖరి నాట్లు పడుతున్న రోజులవి. మంచి నల్లరేగడి బురద. పిక్కల దాకా దిగబడుతుంది. జిమ్ కుర్రాడు కాలు నిట్టనిలువునా పీకబోయి బూటు పోగొట్టుకున్నాడు. కోనసీమలో పెరిగిన కొత్త అమ్మాయి నవ్వి, "అలా కాదన్నా, మడమ ముందు లేపు, వేళ్ళు కిందికి వాల్చి లాగు" అంది. మడమ లేస్తే దాని వెనకగా గాలి, నీళ్ళు దూరి పీల్చే పట్టు వదులుతుంది. నిలువునా పీకితే ఆ పట్టంతా మోకాలిమీద పడుతుంది. అడుగులు చిన్నవిగా, కాళ్ళు కొంచెం ఎడంగా వేయమంది. ఆ రోజంతా ఆమే నేర్పింది, నేను రాసుకున్నాను. బృందంలో ఆమె స్థానం కూడా ఆ మడిలోనే మారింది. అప్పటిదాకా అందరికన్నా మెల్లగా మాట్లాడిన మనిషి, తర్వాత గోడ దగ్గర "సార్, మోచేయి వంచండి" అని మేనేజర్‌కి గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది.

వెళ్ళేముందు అందరి ధనుర్వాతం టీకా చూసుకున్నాం. పదేళ్ళు దాటినవాళ్ళకు బూస్టర్ వేయించాం. షుగర్ ఉన్నవాళ్ళకు మట్టిలోని బాక్టీరియా వల్ల వచ్చే మెలియాయిడోసిస్ అనే జబ్బు ముప్పు ఎక్కువ కాబట్టి మేనేజర్ పాదాలు ముందుగా చూశాను. పగుళ్ళు, పుండ్లు ఉంటే దింపేదాన్ని కాదు. ఒంటిమీద గీరుకున్న చోట్లను శుభ్రమైన నీళ్ళు, సబ్బుతో వెంటనే కడగడం, నోట్లోకి బురదనీళ్ళు పోకుండా పెదవులు బిగించి పాకడం కూడా సాధనలో భాగమే.

పోటీ రోజు

దసరా అయ్యాక, ఎండ ఇంకా పూర్తిగా తగ్గని ఆదివారం. నగరం శివార్లలో సుమారు ఐదు కిలోమీటర్ల కోర్సు. నేను బృందంతో పాటు పక్కనే నడిచాను. ఉంగరాలు, గొలుసులు, చేతి కడియాలు ముందే తీయించాను. కడ్డీకో మేకుకో ఉంగరం చిక్కుకుని మనిషి బరువు దానిమీద పడితే వేలి చర్మమే ఊడొస్తుంది. ఒకామె మెట్టెలు తీయనన్నారు. బూటు లోపల ఉంటాయి కాబట్టి వాటిమీద టేపు చుట్టి వదిలేశాం. కాటన్ బనియన్లు నీళ్ళు తాగి బరువెక్కుతాయి కాబట్టి అందరూ పాలిస్టర్ చొక్కాలే వేసుకున్నారు.

మొదటి సగం సాఫీగా సాగింది. ముళ్ళతీగ కింద పాకడం, టైర్లు, తాళ్ళ వల. గోడ దగ్గర ఈ ఎనిమిది మందిని చూసి పక్క బృందాలవాళ్ళు ఆగారు. అరుపుల్లేవు, తొందర లేదు. ఒకరు పైన కూర్చున్నారు, ఇద్దరు కింద, "ఒకటి, రెండు, లే". మోకాలి నొప్పి ఉన్నామె అటువైపు వేలాడి మెత్తగా దిగింది. కుర్రాడు ఎడమచేత్తోనే ఎక్కాడు.

ఐసు తొట్టి దగ్గర ఇద్దరు తప్పుకుని పక్కనుంచి నడిచారు, బదులుగా నిర్వాహకులు చెప్పిన బర్పీలు (కిందికి వంగి, నేలమీద వాలి, లేచి ఎగిరే కసరత్తు) తీశారు. ఎవరూ ఏమీ అనలేదు. జాబితా నెలల కిందటే చదివేసి ఉంది కాబట్టి అక్కడ తేల్చుకోవాల్సింది ఏమీ మిగల్లేదు. ఈ పరుగు మొత్తంలో నాకు ఎక్కువ తృప్తినిచ్చింది ఆ నిమిషమే.

నున్నగా బురద పూసిన ఏటవాలు దిబ్బ దగ్గర గుంపు ఎక్కువగా ఉంది. కుర్రాడు సగం ఎక్కాడు. పైనుంచి వేరే బృందంలోని పెద్దాయన వంగి, మంచి ఉద్దేశంతోనే, అతని కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని లాగబోయాడు. కుర్రాడి మోచేయి డొక్కకు అతుక్కుపోయింది. "స్టాప్! భుజం, భుజం!" అని అరిచాడు. పెద్దాయన వదిలేశారు. కుర్రాడు కిందిదాకా జారిపోయాడు, బురదలో కూర్చుని భుజం తడుముకున్నాడు. కీలు ఉన్నచోటే ఉంది. మళ్ళీ ఎక్కి ఎడమచేయి ఇచ్చాడు. పైనున్న ఆ పెద్దాయనే అందుకున్నారు. సొంత బృందంతో ఎన్ని సాధనలు చేసినా కోర్సులో తెలియనివాళ్ళ చేతులు కూడా వస్తాయి. వచ్చిన సాయాన్ని ఆపగలగడం కూడా నేర్చుకోవాల్సిందే.

మేనేజర్‌కి జంటగా మోకాలి నొప్పి ఉన్నామెను పెట్టాం. షుగర్ పడినప్పుడు ఆయన ఎలా ఉంటారో ఇంట్లోవాళ్ళను అడిగి ఆమెకు చెప్పాను. చెమట, వణుకు కన్నా ముందు ఆయనకు చిరాకు వస్తుంది, మాటకు జవాబివ్వరు. ఇసుకమూట మోసే చోట ఆయన రెండుసార్లు విసుక్కున్నారు, మూడోసారి అసలు పలకలేదు. ఆమె వాదించలేదు. నడుముకు కట్టుకున్న పౌచ్‌లోంచి గ్లూకోజ్ పొడి తీసి, "సార్, ముందు ఇది తినండి, తర్వాత తిట్టండి" అంది. బురద, తడి వేళ్ళతో గ్లూకోమీటర్ చూపే అంకెను నమ్మలేం. అనుమానం వస్తే ముందు చక్కెర, తర్వాతే పరీక్ష అని నియమం. పదిహేను గ్రాముల గ్లూకోజ్ తిని పావుగంట కూర్చున్నారు. నేను వేలు కడిగి, ఆరబెట్టి చూసేటప్పటికి షుగర్ వంద దాటింది, మాట మామూలైంది. రెండు బిస్కెట్లు తిని, మెల్లగా నడిచి పూర్తిచేశారు. ఆ పావుగంట మొత్తం బృందం ఆగింది.

దెబ్బ తగిలింది జిమ్ కుర్రాడికి. సొంత బృందంలో ముగ్గురికొకసారి మారాడు, నియమం తప్పలేదు. అయితే రెండో గోడ దగ్గర వేరే బృందాలవాళ్ళు "అన్నా, ఒక్క చెయ్యి" అంటుంటే ఒకరి తర్వాత ఒకర్ని ఎత్తుతూ ఉండిపోయాడు. మేం ముందుకెళ్ళి ఎదురుచూస్తున్నాం. ఎంతమందిని ఎత్తాడో అతనికే గుర్తులేదు. చివరి మనిషి బరువైనవాడు, కాలు జారి పక్కకు ఒరిగాడు. ఇతను పడకుండా ఆపబోయి నడుం మెలితిరిగింది. నిటారుగా నిలబడలేకపోయాడు. కాళ్ళలో తిమ్మిరి, బలహీనత లేవు, మూత్రం విషయంలో ఇబ్బంది లేదు. అంటే నరం మీద ఒత్తిడి లక్షణాల్లేవు, కండరం పట్టేసింది. మిగిలిన దూరం ఇద్దరి భుజాలమీద చేతులు వేసి నడిచి ముగించాడు. రెండు వారాల్లో మామూలయ్యాడు. మూడోరోజు నుంచే మెల్లగా నడిపించాను, మంచంమీద పడుకోనివ్వలేదు.

ఆ తర్వాత నేను సిద్ధం చేస్తున్న బృందాలకు నియమంలో ఒక వాక్యం చేర్చాను. ముగ్గురు అంటే బయటివాళ్ళతో కలిపి ముగ్గురు. నాలుగో మనిషి అడిగితే ఇంకొకర్ని పిలవాలి. బలవంతుడు ఎక్కువమందికి సాయపడాలనుకుంటాడు, అది అతని మంచితనం. ఆ మంచితనాన్ని కాపాడాలంటే పక్కన లెక్కపెట్టే మనిషొకరు ఉండాలి. ఆ పని మేనేజర్ లాంటి, ఎత్తే బాధ్యత లేనివాళ్ళకు ఇస్తున్నాను.

తర్వాతి వారాలు

ఇళ్ళకు వెళ్ళేముందు అందరికీ మూడు మాటలు చెప్పాను. ఒళ్ళునొప్పులు రెండు మూడు రోజులు ఉంటాయి. మూత్రం కోలా రంగులో వస్తే, కండరాలు ఉబ్బిపోయి భరించలేని నొప్పి ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, అది కండరం కరిగి కిడ్నీమీద పడే పరిస్థితి కావచ్చు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు, అవసరమైతే పారాసెటమాల్ చాలు. నెలరోజుల్లోపు జ్వరం వస్తే బురదలో దిగిన సంగతి డాక్టర్‌కి ముందే చెప్పాలి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళు, బురద ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ సాధారణంగా ఒకటి రెండు వారాల్లో బయటపడుతుంది. జ్వరం, పిక్కల్లో తీవ్రమైన నొప్పి, కళ్ళు ఎర్రబడడం దాని లక్షణాలు. మామూలు ఒళ్ళునొప్పులుగా పొరబడే ప్రమాదముంది.

రెండో వారంలో కోనసీమ అమ్మాయికి జ్వరం వచ్చింది. చెప్పినట్టే డాక్టర్‌కి బురద సంగతి చెప్పింది. లెప్టో, మలేరియా, డెంగీ అన్నీ చూశారు. డెంగీ అని తేలింది. పరుగుతో సంబంధం లేదు, ఆ రోజుల్లో ఆమె ఉండే కాలనీలో చాలామందికి వచ్చింది. అయితే ఒళ్ళునొప్పులకని ఐబుప్రొఫెన్ మింగకుండా ఉండడం ఇక్కడ కలిసొచ్చింది. డెంగీలో ఆ మాత్రలు రక్తస్రావం ముప్పును పెంచుతాయి. ఆసుపత్రిలో చేరాల్సిన అవసరం లేకుండానే కోలుకుంది.

మోకాలి నొప్పి ఉన్నామె ఇప్పటికీ వారానికి రెండుసార్లు ఒంటికాలి సాధనలు చేస్తోంది. మేనేజర్ గ్లూకోజ్ పొడి పొట్లాన్ని ఆఫీసు బ్యాగులో శాశ్వతంగా పెట్టుకున్నారు. తన పక్క సీట్లవాళ్ళకు ఆ చిరాకు సంగతి కూడా చెప్పుకున్నారు.

కుర్రాడి భుజం గురించి ఎముకల డాక్టర్ ఎంఆర్ఐ తీయించారు. కీలు గిన్నె అంచున ఉండే మెత్తటి మృదులాస్థి ముందువైపు ఊడి ఉంది, రెండుసార్లు జారినప్పుడు జరిగిన నష్టమది. దిబ్బమీద జరిగినదాని తర్వాత, ఎప్పుడూ ఒక చేతిని దాచుకుంటూ బతకలేనని అతనే కీహోల్ సర్జరీకి ఒప్పుకున్నాడు. ఇప్పుడు చెయ్యి కట్టు తీసేసి, చేతిని పక్కకు తిప్పే కదలికను మెల్లగా తిరిగి తెస్తున్నాం. వచ్చే ఏడాది పరుగు గురించి అడిగాడు. కుడిచేతి బలం ఎడమచేతికి సమానంగా రావాలి, చేతిని తలపైకి ఎత్తించి తిప్పినప్పుడు ముఖంలో ఆ భయం కనిపించకూడదు, సర్జన్ సరేననాలి. మూడూ కుదిరాక తేదీ చూద్దామని చెప్పాను.